అమీర్‌పేట కాలిబాట: నడక, జీవనోపాధి

హైదరాబాదులోని అమీర్‌పేట సాఫ్ట్‌వేర్ శిక్షణ సంస్థలకు, విద్యార్థుల హాస్టళ్లకు పేరొందిన ప్రాంతం. 2017 నవంబరు 28న మెట్రో రైలు ప్రారంభమైంది. నేడు మియాపూర్–ఎల్.బి.నగర్, నాగోల్–రాయదుర్గం మార్గాలు ఇక్కడే కలుస్తాయి. రైలు దిగినవారు నడవవలసినదీ, టిఫిన్ బండ్లు, పండ్ల బండ్లు నిలిచేదీ ఒకే కాలిబాట.

ఈ స్థితిని ఆక్రమణగా మాత్రమే పరిగణించడం అసమగ్రం. పరిమిత వ్యయంతో జీవించే విద్యార్థికి ఆ బండి నిత్యావసర సేవ. దాన్ని తప్పించుకొని వాహనాల నడుమకు దిగే వృద్ధునికి అదే ప్రమాద హేతువు.

2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఈ వైరుధ్యానికి విక్రయ మండలాల గుర్తింపును పరిష్కారంగా సూచించింది. సర్వే పూర్తయ్యేవరకు వ్యాపారులను తొలగించరాదని, పట్టణ విక్రయ కమిటీలో వారి ప్రతినిధులు 40 శాతానికి తగ్గకూడదని నిర్దేశించింది. ట్రాఫిక్ పోలీసులకు, నివాసుల సంక్షేమ సంఘాలకు కూడా అందులో చోటుంది. అయితే పాదచారులను విడిగా పేర్కొనలేదు. ఇతర వర్గాల ప్రతినిధులను చేర్చే అధికారం ప్రభుత్వానికి ఉంది. దానిని వినియోగిస్తే, కాలిబాట వెడల్పును నిర్ణయించేటప్పుడు దానిపై నడిచేవారి అవసరమూ చర్చకు వస్తుంది.