సెన్సర్ పోతే కంప్రెసర్ ఆపాలా, నడపాలా?

రాత్రి రెండు గంటలు అనుకోండి. కంప్రెసర్ బేరింగ్ టెంపరేచర్ 70 డిగ్రీల నుంచి ఒక్కసారిగా ఎగిరి అలారం దాటింది, మరుక్షణం మళ్లీ 70కి దిగింది. ఇంకొంచెం ఎగిరితే ట్రిప్. మీరైతే ఏం చేస్తారు?

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా షిఫ్ట్‌లో ఇదే జరిగింది. బేరింగ్ మెటల్ సెకనులో వేడెక్కి సెకనులో చల్లారదు కదా! వైబ్రేషన్, ఆయిల్ టెంపరేచర్ చూశాం, మామూలుగానే ఉన్నాయి. అంటే సెన్సర్ వైరు వదులైంది. సీనియర్ ఒకాయన ట్రిప్‌కి జంపర్ పెట్టి, "పొద్దున చూద్దాంలే" అన్నారు. లాగ్‌బుక్‌లో మాత్రం ఎవరూ రాయలేదు. మూడో రోజు రౌండ్స్‌లో ఆ జంపర్ నా కంటపడింది. అన్నాళ్లూ ఆ బేరింగ్‌కి కాపలా లేదు! ఏమీ కాలేదంటే అది మా అదృష్టమే.

మరి సేఫ్‌గా ఎలా నడపాలి?

మొదటిది, లోపాన్ని గుర్తుపట్టాలి. చాలా ట్రాన్స్‌మిటర్లు 4 నుంచి 20 మిల్లీయాంప్ సిగ్నల్ పంపుతాయి. రీడింగ్ సున్నా అయినా 4 వస్తుంది. వైరు తెగితే 0 వస్తుంది కాబట్టి, అది రీడింగ్ కాదని కంట్రోలర్‌కి వెంటనే తెలిసిపోతుంది.

రెండోది, ఒక్క సెన్సర్‌నే నమ్మకూడదు. కీలకమైన చోట మూడు పెడతారు. రెండు ప్రమాదం అంటేనే ట్రిప్. ఒకటి పిచ్చి రీడింగ్ ఇచ్చినా మెషిన్ ఊరికే ఆగదు, రక్షణా పోదు.

మూడోది, తెలియనప్పుడు సేఫ్ వైపే వెళ్లాలి. సెంట్రిఫ్యూగల్ కంప్రెసర్‌లో ఫ్లో బాగా తగ్గితే గ్యాస్ వెనక్కి తన్నుతుంది. దీన్నే సర్జ్ అంటారు. బేరింగులు, సీల్స్ దెబ్బతింటాయి. అందుకే ఫ్లో సెన్సర్ పోతే యాంటీ సర్జ్ వాల్వ్ తెరిచి, కొంత గ్యాస్‌ని తిరిగి సక్షన్‌కి పంపేలా ముందే సెట్ చేస్తారు. పవర్ కొంత దండగే, కానీ మెషిన్ దక్కుతుంది.

ఇక బైపాస్ తప్పదంటే? రాతలో పర్మిషన్ ఉండాలి, ఎంతసేపో టైమ్ ఉండాలి. అంతసేపూ వైబ్రేషన్, ఆయిల్ ప్రెషర్ చూస్తూ ఒక మనిషి ఉండాలి. షిఫ్ట్ మారేటప్పుడు నోటితో చెప్పాలి, బుక్‌లో రాయాలి. టైమ్ అయిపోయినా రిపేర్ కాలేదా, మెషిన్ ఆపేయాల్సిందే.

ఆ జంపర్ చూసిన రోజు నుంచి, డ్యూటీ ఎక్కగానే నేను అడిగే మొదటి మాట ఒక్కటే: "అన్నా, బైపాస్‌లో ఏమైనా ఉన్నాయా?" మీరూ అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!