టోర్ రిలే నడిపితే పోలీసులు ఎందుకొస్తారు?

ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు రైల్వే కుటుంబాల్లో ఎవరైనా ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద టోర్ ఎగ్జిట్ రిలే పెట్టారనుకుందాం. ఎక్కడో ఎవరో దాని గుండా మోసం చేస్తే, పోలీసులు తట్టేది ఈ ఇంటి తలుపే.

టోర్‌లో సమాచారం సాధారణంగా మూడు రిలేల మీదుగా వెళ్తుంది. చివరిది ఎగ్జిట్. వెబ్‌సైట్‌కు కనిపించేది దాని ఐపీ చిరునామానే. అది ఎవరి కనెక్షనో ఇంటర్నెట్ కంపెనీ చెబుతుంది. అసలు వ్యక్తి ఎవరన్నది రిలే నడిపేవారికీ తెలియదు. 2017లో రష్యాలో ఇంట్లో ఎగ్జిట్ నడిపిన ఓ గణిత అధ్యాపకుడు ఇలాగే అరెస్టయ్యారు. మరుసటి ఏడాది అభియోగాలు ఎత్తేశారు.

నోటీసు వస్తే ఏం చేయాలి? భారతీయ నాగరిక సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద పోలీసులు రాతపూర్వక ఆదేశంతో ఎలక్ట్రానిక్ రికార్డులు కోరవచ్చు. ఐటీ చట్టం 78వ సెక్షన్ ప్రకారం, ఆ చట్టం కింది నేరాలను ఇన్‌స్పెక్టర్ లేదా అంతకు పై హోదా అధికారే దర్యాప్తు చేయాలి. న్యాయవాదిని సంప్రదించి, జవాబు కాగితం మీదే ఇవ్వాలి. ఉన్నది ఇవ్వాలి, లేనిది లేదనాలి. ఏదీ చెరపకూడదు. సాక్ష్యం చెరపడం వేరే నేరం.

ఫలానా రోజు ఆ ఐపీ టోర్ రిలేనా అన్నది టోర్ ప్రాజెక్ట్ 'ఎగ్జొనరేటర్' పేజీలో ఎవరైనా చూడవచ్చు. ఆ ప్రింటును జవాబుకు జతచేయాలి.

మధ్యవర్తులకు 79వ సెక్షన్ ఇచ్చే రక్షణ షరతులతో కూడినది. దాన్నే నమ్ముకుని కూర్చోలేం. ఇంట్లో ఎగ్జిట్ వద్దని టోర్ ప్రాజెక్టే చెబుతోంది. సాయపడాలనుకునేవారికి మధ్య రిలే ఉంది. దాని ఐపీ వెబ్‌సైట్లకు కనిపించదు.