పొగ వచ్చినంత మాత్రాన ఇంజిన్ పోయినట్టేనా? అపోహలు – వాస్తవాలు

కారు వెనక నీలం పొగ కనపడగానే "ఇంజిన్ బోరుకొచ్చింది, మార్చేయడమే మేలు" అన్న మాట షెడ్డులో చాలా తేలిగ్గా వచ్చేస్తుంది. యజమానీ అంతే తేలిగ్గా నమ్ముతాడు, బానెట్ కింద ఉన్నదంతా అతని లెక్కలో ఒకే వస్తువు కాబట్టి. నిజానికి నీలం పొగ చెప్పేది ఒక్కటే, ఆయిల్ మండుతోందని. అది అరిగిన పిస్టన్ రింగుల సందుల్లోంచి పైకి రావచ్చు, వాల్వ్ సీళ్లు గట్టిపడి పైనుంచి కారవచ్చు, టర్బో సీలు పోయి గాలితో పాటు లోపలికి చేరవచ్చు. రింగులైతే పెద్ద పనే. వాల్వ్ సీళ్లయితే చాలా ఇంజిన్లలో హెడ్ కూడా తీయకుండా మార్చవచ్చు. టర్బో అయితే పిస్టన్ల జోలికి పోనవసరమే లేదు. నల్లపొగ ఇంధనం ఎక్కువై, గాలి చాలక వచ్చేది. అక్కడ చూడాల్సినవి ఎయిర్ ఫిల్టరు, ఇంజెక్టర్లు, పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకుండా వస్తూ, కూలెంట్ తరుగుతూ ఉంటే అనుమానం హెడ్ గాస్కెట్ మీదికి పోవాలి. జబ్బేమిటో తెలియకముందే మార్చాలా, బాగు చేయించాలా అని తలపట్టుకోవడం తొందరపాటు.

జబ్బు తెలుసుకోవడానికి ఇంజిన్ దించక్కర్లేదు. ప్రతి సిలిండర్‌లోనూ కంప్రెషన్ కొలవాలి. వచ్చిన అంకె ఎంతన్నది ఎంత ముఖ్యమో, సిలిండర్ల మధ్య తేడా ఎంతన్నదీ అంతే ముఖ్యం. పెట్రోలు ఇంజిన్ అయితే, తగ్గిన సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. అంకె పెరిగితే రింగుల అరుగుదల, పెరగకపోతే వాల్వులో, గాస్కెటో. సిలిండర్‌లోకి గాలి ఎక్కించి అది ఎటు పోతోందో చెవిపెట్టి వినే పరీక్ష ఇంకా సూటిగా చెబుతుంది. సైలెన్సర్ గొట్టంలో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ మూత దగ్గరైతే రింగులు, రేడియేటర్‌లో బుడగలొస్తే గాస్కెట్. పరీక్షకు పెట్టే డబ్బు దండగ కదా, ఎలాగూ విప్పాల్సిందే అనేవారుంటారు. విప్పాక వెనక్కి తగ్గడం కష్టం. ఇంజిన్ బల్లమీద ముక్కలుగా ఉన్నప్పుడు మెకానిక్ ఏ ధర చెప్పినా యజమానికి బేరమాడే బలం ఉండదు. పరీక్ష ఖర్చు నిజానికి ఆ బలానికి చెల్లించే ధర.

ఇంతకంటే ఖరీదైన అపోహ, ఇంజిన్ మారిస్తే కథ మొదటికొస్తుందన్నది. ఇంజిన్ దానంతటది చావదు, దాన్ని ఏదో చంపుతుంది. చంపినది చాలాసార్లు ఇంజిన్ బయటే ఉంటుంది, మార్పిడి తర్వాతా కారులోనే మిగులుతుంది. రేడియేటర్ పూడుకుపోయి హెడ్ వంగిన కారుకు వేరే ఇంజిన్ బిగించి, పాత రేడియేటర్‌నే ఉంచితే అదీ వంగుతుంది. బేరింగులు చెడి ఆయిల్‌లో లోహపు రజను కలిసినప్పుడు ఆ రజను ఆయిల్ కూలర్లో నిలిచిపోతుంది. టర్బో రెక్కలు విరిగితే ముక్కలు ఇంటర్‌కూలర్‌లో దాక్కుంటాయి. వాటిని మార్చకుండా, కనీసం పూర్తిగా కడగకుండా కొత్త ఇంజిన్ స్టార్ట్ చేస్తే పాతదాని చావే దానికీ రాసిపెట్టి ఉంటుంది. కొటేషన్‌లో ఇంజిన్ ధర ఒక్కటే రాసి, ఇవేవీ లేకపోతే దాన్ని చవకైన కొటేషన్ అనుకోకూడదు.

ఇక "తక్కువ తిరిగిన సెకండ్‌హ్యాండ్ ఇంజిన్" సంగతి. చెన్నై పుదుపేట, ఢిల్లీ మాయాపురి లాంటి పాత సామాను బజార్లలో దొరికే ఇంజిన్ వెంట దాని కిలోమీటర్ల లెక్క రాదు. ఆ మీటరు కారు డ్యాష్‌బోర్డులోనే ఉండిపోయింది. అమ్మేవాడు చెప్పే అంకె మాటవరసకే. ఏ ఇంజినైనా అదే పేరుంటే సరిపోతుందన్నదీ పొరపాటే. ఫియట్ 1248 సీసీ డీజిల్ ఇంజిన్‌నే చూడండి. డీజిల్ స్విఫ్ట్‌లో, డిజైర్‌లో, ఇండికా విస్టాలో, పుంటోలో అన్నింటా అదే ఉండేది. కానీ 75 హార్స్‌పవర్ రకానికీ 90 హార్స్‌పవర్ రకానికీ టర్బోయే వేరు, కంపెనీని బట్టి మౌంటింగులు, వైరింగ్, ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ (ఈసీయూ) మారతాయి. పాత ఇంజిన్ కొనక తప్పకపోతే డబ్బు ఇచ్చేముందే కంప్రెషన్ చూడాలి, ఏ వాహనం నుంచి తీసిందో కాగితం అడగాలి. కాగితం లేని ఇంజిన్ దొంగబండిది కాదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇవతలి పక్కన, రిపేరు విషయంలోనూ ఒక నమ్మకం పాతుకుపోయి ఉంది. ఒకసారి విప్పిన ఇంజిన్ మళ్లీ మునుపటిలా ఉండదని. ఆర్టీసీ వర్క్‌షాపుల్లో బస్సుల ఇంజిన్లను విప్పి, రీకండిషన్ చేసి, మళ్లీ రోడ్డెక్కించడం మామూలు పనే. విప్పడం వల్ల ఇంజిన్ చెడదు, బిగించడంలో చెడుతుంది. ఒక్కసారే సాగడానికి తయారైన హెడ్ బోల్టులను మళ్లీ వాడటం, టార్క్ రెంచ్ లేకుండా చేతి అంచనాతో బిగించడం, వంపు కొలవకుండానే హెడ్‌ను ఫేసింగ్‌కు పంపడం – చెడ్డపేరు తెచ్చేవి ఇవి. బస్సుకూ కారుకూ పోలికేమిటన్న అభ్యంతరంలో మాత్రం పస ఉంది. భారీ డీజిల్ ఇంజిన్లలో చాలావాటికి లైనర్లు పీకి కొత్తవి వేసుకునే ఏర్పాటు పుట్టుకతోనే ఉంటుంది. నేటి చిన్న కార్ల అల్యూమినియం బ్లాకుల్లో లైనర్లు పలచన, కొన్నింటికి ఓవర్‌సైజు పిస్టన్లే దొరకవు. అలాంటి బ్లాకు అరిగితే బోరింగ్ కన్నా కంపెనీ హాఫ్ ఇంజిన్ (పిస్టన్లు, క్రాంక్ బిగించి వచ్చే కొత్త బ్లాకు) వేయించడమే తెలివి. కనెక్టింగ్ రాడ్ బ్లాకును చీల్చుకుని బయటికొచ్చినా, క్రాంక్ గ్రైండింగ్ హద్దు దాటి దెబ్బతిన్నా అంతే.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ముంచినప్పుడు, నీళ్లు ఎక్కిన కారుకు ఇంజిన్ పోయినట్టేనన్న మాట వినపడింది. చాలావరకు ఇంజిన్‌ను చంపేది నీరు కాదు, తాళంచెవి. నీరు నొక్కినా కుంచించుకుపోదు కాబట్టి సిలిండర్‌లో నీళ్లుండగా స్టార్టర్ తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. తిప్పకుండా బ్యాటరీ తీసేసి, ప్లగ్గులో ఇంజెక్టర్లో విప్పి నీరు వెళ్లగొట్టి, ఆయిల్, ఫిల్టర్లు మారిస్తే బతికే ఇంజిన్లు ఎన్నో. రోజుల తరబడి అలాగే వదిలేస్తే తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. మునిగిన కారును స్టార్ట్ చేయడం వల్ల కలిగిన నష్టాన్ని మామూలు సమగ్ర బీమా సాధారణంగా భరించదు, దానికి ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు ఉండాలి.

రిపేరు ఖర్చు కారు ధరలో సగం దాటితే వదిలించుకోవాలన్న లెక్క కూడా నాకు నచ్చదు. అది పోల్చకూడని రెండింటిని పోలుస్తుంది. అదే డబ్బుకు, కారు అమ్మితే వచ్చేదీ కలిపితే, బజార్లో ఏం దొరుకుతుందన్నది అసలు ప్రశ్న. గేర్‌బాక్స్, బాడీ, సస్పెన్షన్ బాగున్న సొంతకారును వదిలి, జాతకం తెలియని మరో పాతకారు కొనడం ప్రతిసారీ లాభం కాదు. బాడీ తుప్పుపట్టి ఉంటే మాత్రం ఎంత మంచి ఇంజిన్ వేసినా దండగే. టాక్సీ నడిపేవారి లెక్క వేరు. లేత్ షాపులో బండి వారాలపాటు ఆగితే పోయే కిరాయి కూడా రిపేరు ఖర్చే, కాబట్టి వాళ్లు రెండుమూడు రోజుల్లో అయ్యే మార్పిడికి మొగ్గితే తప్పుపట్టలేం.

మార్చడానికే నిశ్చయించుకుంటే ఇంజిన్ నంబరు ఆర్సీలో ఉంటుందని మరవకూడదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం మార్పునకు రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి, మార్చిన 14 రోజుల్లో తెలియజేసి ఆర్సీలో కొత్త నంబరు రాయించుకోవాలి. బీమా కంపెనీకీ అదే నంబరు తెలపాలి. లేకపోతే అమ్మేటప్పుడో, క్లెయిము దగ్గరో ఆర్సీలో ఒక నంబరు, బ్లాకు మీద ఇంకో నంబరు కనపడతాయి.