వెయ్యి టన్నుల్లో అర గ్రాము.. యూరప్ పోర్టులో మన రొయ్య ఎందుకు ఆగిపోతోంది?

భీమవరం చెరువుల్లో పట్టిన వనామీ రొయ్య ఐస్‌లో ప్లాంటుకు వెళ్తుంది. అక్కడ గడ్డకట్టించి కంటైనర్‌లో యూరప్ పంపిస్తారు. వారాల తరబడి సముద్ర ప్రయాణం. తీరా పోర్టుకు చేరాక సరుకు ఆపేస్తారు. అసలక్కడ ఏం చూస్తారు?

యూరోపియన్ యూనియన్‌లో రొయ్యలు, చేపలు, మాంసం ఎక్కడ పడితే అక్కడ దింపడానికి లేదు. సరిహద్దు తనిఖీ కేంద్రం ఉన్న చోటే దింపాలి. ముందుగా కాగితాలు చూస్తారు. మన ఎగుమతి తనిఖీ సంస్థ ఇచ్చిన హెల్త్ సర్టిఫికెట్ లేకపోతే కథ అక్కడితో సరి. తర్వాత సీలు, లేబుల్, ప్లాంటు నంబర్. ఆ తర్వాతే కంటైనర్ తెరిచి శాంపిల్ తీయడం.

మన రొయ్యకు అసలు గండం ఈ శాంపిల్ దగ్గరే. భారత్ నుంచి వచ్చే చెరువు రొయ్యల సరుకుల్లో ఒకప్పుడు 10 శాతానికి ల్యాబ్ పరీక్ష ఉండేది. 2016లో ఈయూ దాన్ని ఏకంగా 50 శాతానికి పెంచింది. యాంటీబయాటిక్ అవశేషాలు పదే పదే బయటపడటమే కారణం.

ఇంతకీ ఎంత దొరికితే తప్పు? నైట్రోఫ్యూరాన్ అవశేషాలకు హద్దు కిలోకు 0.5 మైక్రోగ్రాములు. 2022 నవంబర్ ముందు వరకు ఇది 1 మైక్రోగ్రాము. అంటే ఇప్పుడు వెయ్యి టన్నుల రొయ్యల్లో అర గ్రాము! అంత తింటే మనిషికి వెంటనే ఏదో అయిపోతుందని కాదు. కేన్సర్ భయంతో ఆ మందును ఆహారానికి పెంచే జీవాల్లో పూర్తిగా నిషేధించారు. నిషేధించిన దానికి 'ఇంతవరకు ఫర్వాలేదు' అనే లెక్క ఉండదు. ల్యాబ్ నమ్మకంగా పట్టుకోగలిగిన చోట గీత గీశారు, అంతే. పైగా మందు రొయ్య ఒంట్లో గంటల్లోనే విరిగిపోయినా, ఆ ముక్కలు కండకు అతుక్కుని వారాలు ఉంటాయి. ఉడికించినా పోవు. ల్యాబ్ వెతికేది వాటినే.

మరి ఈయూ సరుకుకు పట్టుబడికి ముందే ఇక్కడ ఎంపెడా ల్యాబుల్లో పరీక్ష జరుగుతుంది కదా? జరుగుతుంది. కానీ చెరువు మొత్తానికి తీసేది కొద్ది శాంపిలే. ప్లాంటులో ఒకే కౌంట్ రొయ్యలను నాలుగైదు చెరువుల నుంచి కలిపి ప్యాక్ చేస్తే, ఒక చెరువు తప్పు మొత్తం లాట్‌కు అంటుకుంటుంది. మందు జోలికే పోని రైతుకు ఇదే మంట.

ఫెయిలైన సరుకును నాశనం చేయాలి, లేదా ఈయూ బయటకు తిప్పి పంపాలి. సమాచారం సభ్య దేశాలన్నిటికీ వెళ్తుంది. తప్పు తీవ్రమైతే ఆ ప్లాంటు సరుకులపై నిఘా పెరుగుతుంది, వరుసగా కనీసం 10 సరుకులు పాస్ కావాల్సిందే. ల్యాబ్ ఫీజు, రిజల్ట్ వచ్చేదాకా కోల్డ్ స్టోరేజ్ అద్దె దిగుమతిదారు కట్టినా, ఆయన ఎగుమతిదారు దగ్గర కోస్తాడు. ఎగుమతిదారు కౌంట్ రేటులో కోస్తాడు. చివరికి దిగేది చెరువు గట్టు మీదే.

లేబుల్ సరిగా లేని 'ప్రోబయోటిక్' పొడి కొన్న రైతుకు అందులో ఏముందో తెలియదు. బిల్లు, బ్యాచ్ నంబర్ దాచి ఉంటేనే, ల్యాబ్‌లో ఏదైనా తేలిన రోజు అది ఏ ప్యాకెట్ నుంచి వచ్చిందో వెనక్కి వెళ్లి వెతకొచ్చు.