విదేశీ పైలట్ లైసెన్సు ఇక్కడ చెల్లుతుందా?

ప్లస్ టూ విద్యార్థులకు, తల్లిదండ్రులకు:

అమెరికాలోనో, దక్షిణాఫ్రికాలోనో కమర్షియల్ పైలట్ లైసెన్సు తెచ్చుకుంటే ఇక్కడ వెంటనే ఉద్యోగంలో చేరొచ్చని చాలామంది అనుకుంటారు. అలా కుదరదు. దాన్ని డీజీసీఏ, అంటే మన పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ ఇచ్చే లైసెన్సుగా మార్పించుకోవాలి. అందుకు ఇవి కావాలి:

1. ప్లస్ టూలో ఫిజిక్స్, మ్యాథ్స్ పాసవ్వాలి.
2. 18 ఏళ్లు నిండాలి, కనీసం 200 గంటలు విమానం నడిపి ఉండాలి.
3. విదేశీ లైసెన్సు గడువులో ఉండాలి. అది అసలుదేనని ఇచ్చిన దేశం నుంచి ధ్రువీకరణ రావాలి.
4. ఎయిర్ రెగ్యులేషన్స్ పేపరు, నావిగేషన్–వాతావరణ శాస్త్రం కలిపిన పేపరు రాయాలి. ఒక్కోదాంట్లో 70 శాతం రావాలి.
5. రేడియో లైసెన్సు, క్లాస్ 1 మెడికల్, విమానం నడిపి చూపే స్కిల్ టెస్టు.

వీటిలో మెడికల్ చివర రాసినా, చేయించుకోవాల్సింది మాత్రం అన్నిటికంటే ముందు. అక్కడి మెడికల్ ఇక్కడ పనికిరాదు. ఇక్కడ ఫిట్ కాకపోతే అప్పుచేసి కట్టిన ఫీజంతా వృథా. కాబట్టి విదేశీ స్కూలుకు డబ్బు కట్టకముందే ఇక్కడ క్లాస్ 2, ఆపైన క్లాస్ 1 చేయించుకోండి.

ఇంకో మాట. మన పిల్లలకు ఒక సర్టిఫికెట్లో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో ఒక్క అక్షరంగా ఉంటుంది. మార్కుల జాబితా, పాస్‌పోర్టు పక్కపక్కన పెట్టి చూసుకోండి. తేడా ఉంటే ఇప్పుడే దిద్దించుకోండి.