దారిఖర్చు కూడ చికిత్సలో భాగమే

క్యాన్సరు సోకినదని వైద్యులు నిర్ధారించిన దినమున ఆ కుటుంబము మొదట తలపోయునది ఆపరేషనుకు ఎంత యగును, మందులకు ఎంత యగును అను విషయమే. కాని చికిత్స ఆరంభమై నెల తిరుగునప్పటికి, చేతిలోని రొక్కమును మెల్లమెల్లగా హరించునది వేరొకటి కలదని వారికి బోధపడును. అదియే దారిఖర్చు. ఊరినుండి పట్టణమునకు బస్సు, పట్టణమునుండి నగరమునకు రైలు, స్టేషనునుండి ఆసుపత్రికి ఆటో, తోడువచ్చినవాని భోజనము, అతడు పోగొట్టుకొన్న దినకూలి, ఇవి యేవియు ఆసుపత్రి బిల్లులో కానరావు. కానరాకపోవుటచేతనే బంధువులును, ఆసుపత్రివారును, ఒక్కొక్కప్పుడు రోగియును వీనిని లెక్కింపక విడుతురు.

ప్రయాణవిషయమున ఈ వ్యాధికిని తక్కిన వ్యాధులకును గల భేదమును ముందుగా గ్రహింపవలెను. శస్త్రచికిత్స సాధారణముగా ఒక్కమారు జరిగి ముగియును. కీమోథెరపీ యన్ననో, పెక్కు రకముల క్యాన్సర్లకు 21 దినముల కొకసారి చొప్పున నెలల తరబడి సాగును. మన పల్లెలలో 'కరెంటు పెట్టుట' యని చెప్పుకొను రేడియేషన్ చికిత్సకు వారమునకు 5 దినముల చొప్పున అయిదారు వారములు ఆసుపత్రికి పోవలసివచ్చును. యంత్రముక్రింద నుండవలసినది కొలది నిమిషములే యైనను, ఆ నిమిషములకొరకు పూటకు పూట దారిలోనే గడచును. ఈ క్రమము నడుమ తెగరాదు. గర్భాశయ ముఖద్వారమునకు వచ్చు క్యాన్సరులో రేడియేషన్ అంతయు 8 వారములలోపల ముగియవలెనని వైద్యులు నియమము పెట్టుకొన్నారు. గడువు మీరినకొలది రోగము తిరిగి తలయెత్తు నవకాశము హెచ్చును. కావున ఛార్జీలకు డబ్బు లేక ఒక వారము మానిన రోగి పోగొట్టుకొనునది ఆ వారము మాత్రమే కాదు. అంతకుముందు పడిన బాధయు, పెట్టిన వ్యయమును సయితము నిష్ఫలము కావచ్చును.

ఇట్టి రోగులకు లభించు సహాయములలో మిక్కిలి విలువైనది రైల్వేవారి రాయితీ. చికిత్సకుగాని, తరువాత జరుగు తనిఖీలకుగాని పోవు క్యాన్సరు రోగికి స్లీపరు తరగతిలోను, మూడవ శ్రేణి ఏసీలోను మూలఛార్జీ పూర్తిగా, అనగా నూటికి నూరుపాళ్లు, మాఫీ యగును. రెండవ తరగతి, మొదటి తరగతి, ఏసీ చైర్‌కారులయందు 75 శాతమును, రెండవ శ్రేణి ఏసీ, మొదటి తరగతి ఏసీలయందు 50 శాతమును తగ్గును. తోడుగా పోవు ఒక్కరికి స్లీపరులోను, మూడవ శ్రేణి ఏసీలోను 75 శాతమును, మిగిలిన తరగతులలో రోగితో సమానముగను రాయితీ కలదు. 2020 మార్చిలో వయోవృద్ధుల రాయితీ మొదలైన వానిని పెక్కింటిని రైల్వేశాఖ నిలిపివేసినను, రోగుల రాయితీ మాత్రము నిలిచినది. కీమోథెరపీ చేయించుకొన్నవారి రక్తములో తెల్లకణములు తగ్గి, చిన్న జలుబు సయితము ప్రాణముమీదికి వచ్చు ప్రమాదముండును గనుక, జనము క్రిక్కిరిసిన పెట్టెలో నిలువుకాళ్లపై పోవుటకంటె బెర్తుపై పడుకొని పోవుట వారికి విలాసము కాదు, వైద్యావశ్యకత. ఆ తరగతులకే నిండు రాయితీ నిచ్చిన యేర్పాటు ఎంతయు సముచితమైనది.

అయినను ఈ రాయితీ అడుగనివారి యింటికి నడచిరాదు. గుర్తింపుపొందిన క్యాన్సరు ఆసుపత్రి అధికారి, రైల్వేవారు నిర్ణయించిన నమూనాలో, సంతకముతోను ముద్రతోను ధ్రువపత్రము ఇయ్యవలెను. దానిని రిజర్వేషను కౌంటరులో చూపి టికెట్టు కొనవలెను. రిజర్వేషను రుసుము, సూపర్‌ఫాస్టు రుసుము వేరుగా చెల్లింపవలసియుండును. తత్కాల్ టికెట్లకు ఈ రాయితీ వర్తింపదు. రైలెక్కిన పిదప టీటీఈ యొద్ద అడిగినను లభింపదు. కనుక కాట్పాడిమీదుగా వేలూరు పోవువారును, చెన్నై అడయారునకు పోవువారును, ముంబయి టాటా ఆసుపత్రికి పోవువారును, తరువాతి విడత తేదీ తెలిసిన దినముననే, ఆసుపత్రి గడప దాటకముందే ఆ పత్రము చేతబట్టుకొనుట మేలు.

బస్సు విషయమున స్త్రీలకు నేడు గొప్ప సౌకర్యము కలిగినది. తెలంగాణమున 2023 డిసెంబరు 9వ తేదీనుండి మహాలక్ష్మి పథకము క్రిందను, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15వ తేదీనుండి స్త్రీశక్తి పథకము క్రిందను, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలగు ఆర్టీసీ బస్సులలో ఆయా రాష్ట్రముల స్త్రీలు ఛార్జీ లేకుండ ప్రయాణము చేయవచ్చును. రొమ్ము క్యాన్సరు, గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరు మన స్త్రీలను మిక్కిలిగా పీడించు వ్యాధులు గావున, రోగియు, తోడువచ్చు తల్లియో కూతురో కోడలో కూడ ఆధార్ కార్డు చూపి జీరో టికెట్టుతో ఆసుపత్రికి చేరుట ఎందరికో ఊరట. కాని ఆ సౌకర్యము రాష్ట్రపు పొలిమేరతో ఆగిపోవునని మరువరాదు.

2007లో ఉమ్మడి రాష్ట్రమున మొదలై, నేడు తెలంగాణమున ఆరోగ్యశ్రీగాను, ఆంధ్రప్రదేశమున డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవగాను నడచుచున్న పథకము చికిత్సావ్యయమును భరించుటతోపాటు, మందులు, పరీక్షలు, భోజనములవలెనే దారిఖర్చును సయితము తన ప్యాకేజీలో చేర్చుకొన్నది. ఈ సంగతి తెలియక, ఇంటికి పోవునాడు ఎవరిని అడుగవలెనో యెరుగక వట్టిచేతులతో మరలువారు అనేకులు. ఆసుపత్రిలో కూర్చుండు ఆరోగ్యమిత్రను గాని, వైద్యమిత్రను గాని అడిగి, తృప్తికరమైన సమాధానము రానిచో 104 నంబరునకు ఫోను చేయుట రోగికి గల హక్కు. ముఖ్యమంత్రి సహాయనిధి, ప్రధానమంత్రి సహాయనిధి ముఖ్యముగా చికిత్సాబిల్లులకొరకు ఉద్దేశింపబడినవి గనుక దారిఖర్చుకు వానిపై ఆశపెట్టుకొనరాదు.

కొన్ని సందర్భములలో ప్రయాణమునకు సహాయము వెదకుటకంటె ప్రయాణమునే తగ్గించుకొనుట ఉత్తమము. రేడియేషన్ జరుగు వారములలో దినదినము రాకపోకలు చేయుటకంటె ఆసుపత్రి చెంతనే బస దొరికినచో వ్యయమును, అలసటయును రెండును తగ్గును. పిల్లల క్యాన్సరు విషయమున 2006లో ముంబయిలో ప్రారంభమైన సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సంస్థ, హైదరాబాదులో కూడ, బిడ్డకును తల్లిదండ్రులకును ఉచితముగా వసతి కల్పించుచున్నది. ముంబయి దాదరులోని గాడ్గే మహారాజ్ ధర్మశాల టాటా ఆసుపత్రికి వచ్చు పేదలకు ఏనాటినుండియో నీడయై యున్నది. ఇట్టి బసలకు ఆసుపత్రిలోని సోషల్ వర్కరు వ్రాసియిచ్చు చీటియే సాధారణముగా ద్వారము తెరచును.

అంతకంటెను ముఖ్యమైనది, దూరపు నగరమునకు పోవుటయే యవసరమా యని వైద్యుని అడుగుట. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో 1955లో స్థాపితమైన ఎం.ఎన్.జె. ఆసుపత్రియు, విశాఖ చెంత అగనంపూడిలో టాటా మెమోరియల్ కేంద్రమువారు నడుపు హోమీ భాభా ఆసుపత్రియు, గుంటూరు ప్రభుత్వాసుపత్రిలోని క్యాన్సరు విభాగమును మన నేలపైననే యున్నవి. 2012లో ఏర్పడిన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్డులో చేరిన ఆసుపత్రులు ఉమ్మడి చికిత్సానియమములను పాటించుటకు సమకట్టినవి గావున, పెద్ద నగరమున నిర్ణయించిన చికిత్సను ఇంటికి దగ్గర పూర్తిచేయుట పలుమారు సాధ్యమగును. రొమ్ము క్యాన్సరుకు 5 వారములు పట్టు రేడియేషనును, తగినవారికి, 15 మోతాదులలో 3 వారములకే ముగించు పద్ధతి నేడు విరివిగా అమలులో నున్నది. అది తమకు తగునా యని అడుగుటలో తప్పేమియు లేదు.

వైద్యులకొక మనవి. క్రొత్త రోగి వచ్చినప్పుడు రోగలక్షణములతోపాటు, ఎంత దూరమునుండి వచ్చినాడో, తిరిగి రాగల శక్తి గలదో లేదో కూడ విచారింపుడు. రైలు రాయితీపత్రమును అడుగక మునుపే చేతికిండు. చదువరులకొక మనవి. ఈ సహాయములన్నియు కాగితములమీద నడచునవి; కాగితము చదువలేనివారికే వీని యవసరము అధికము. మీ వీధిలోగాని, మీ పొలములో పనిచేయువారిలోగాని ఈ వ్యాధి బారినపడినవారున్నచో, పరామర్శించి పండ్లిచ్చి వచ్చుటతో తృప్తిచెందక, ఒక పూట వారితో ఆసుపత్రికి పోయి, సోషల్ వర్కరును కలిసి, రాయితీపత్రము వ్రాయించి, తరువాతి విడతకు టికెట్టు కొనిపెట్టుడు.