ఫ్యాన్ తిరిగితే ఎస్‌ఎంపీఎస్ బాగున్నట్టేనా?

నాంపల్లి కోర్టుల చుట్టుపక్కల జాబ్ టైపింగ్ సెంటర్లలో, ఆబిడ్స్ సందుల్లోని డీటీపీ, జిరాక్స్ షాపుల్లో ఇప్పటికీ డెస్క్‌టాప్ కంప్యూటర్లదే రాజ్యం. అఫిడవిట్ టైప్ చేసి ప్రింట్ నొక్కగానే కంప్యూటర్ టక్కున ఆగి, మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. వైరస్ అనుకుని విండోస్ మార్పిస్తారు. ర్యామ్ తీసి, తుడిచి పెడతారు. నాలుగు రోజులకు కథ మళ్లీ మొదటికే వస్తుంది. ఇలాంటప్పుడు క్యాబినెట్ వెనకవైపు ఉండే ఇనప డబ్బాను, అంటే ఎస్‌ఎంపీఎస్‌ను, ముందు అనుమానించాలి.

దాని పని 230 వోల్టుల ఏసీ కరెంటును 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చి మదర్‌బోర్డుకు అందించడం. లోపలికి వచ్చిన కరెంటు మొదట 300 వోల్టులు దాటిన డీసీగా మారి ఒక పెద్ద కెపాసిటర్‌లో నిలవ ఉంటుంది. నల్లా ఆగినా మేడమీది ట్యాంకు కాసేపు ఆదుకున్నట్టు, కరెంటు తడబడిన క్షణంలో ఈ నిలవే కంప్యూటర్‌ను నిలబెడుతుంది. కాసేపంటే నిండు భారం మీద సుమారు 16, 17 మిల్లీసెకన్లు. యూపీఎస్ బ్యాటరీ మీదికి మారడానికి ఆ వ్యవధి చాలు.

ఈ కెపాసిటర్‌కు వేడే శత్రువు. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక మోటు లెక్క. మే నెల ఎండ, ఫ్యాన్‌లో పేరుకున్న దుమ్ము, గాలాడని టేబుల్ అర తోడైతే లోపలి ద్రవం మెల్లగా ఎండిపోతుంది. నిలవ తగ్గుతుంది. లేజర్ ప్రింటర్‌లోని హీటర్ ఒక్కసారిగా కరెంటు లాగినప్పుడు ట్యూబ్‌లైటు మినుక్కుమంటుంది కదా, ఆ చిన్న కుదుపును కూడా అప్పుడు ఎస్‌ఎంపీఎస్ తట్టుకోలేదు. కరెంటు పోగానే యూపీఎస్ కూత పెట్టినా కంప్యూటర్ ఆరిపోవడానికీ ఇదే కారణం కావచ్చు. అందుకే కొత్త బ్యాటరీ కొనేముందు అదే యూపీఎస్‌కు మరో కంప్యూటర్ తగిలించి, గోడ స్విచ్ ఆపి చూడండి. అది నిలబడితే తప్పు యూపీఎస్‌ది కాదు.

ఖర్చు లేని పరీక్షలు ముందు. ప్రింటర్‌ను, కంప్యూటర్‌ను ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పెట్టకండి. పవర్ కేబుల్ మార్చి చూడండి. తేదీ, సమయం మాత్రమే తప్పుతుంటే అది మదర్‌బోర్డు మీది నాణెంలాంటి బ్యాటరీ. ఆన్ చేసిన కాసేపటికి వేడెక్కి ఆగిపోతుంటే ప్రాసెసర్ ఫ్యాన్ చూడాలి. బీప్ శబ్దాలు వస్తుంటే ర్యామ్ చూడాలి. పొద్దున్నే నాలుగైదు సార్లు నొక్కితేగాని ఆన్ కాకపోవడం, ఫ్యాన్ ఒక చుట్టు తిరిగి ఆగడం, పని భారం పెరగగానే రీస్టార్ట్ కావడం, కాలిన వాసన రావడం ఎక్కువగా ఎస్‌ఎంపీఎస్ లక్షణాలు.

మెకానిక్‌లు 24 పిన్నుల కనెక్టర్ ఊడదీసి, ఆకుపచ్చ వైరును నల్ల వైరుకు పేపర్ క్లిప్‌తో కలిపి, ఫ్యాన్ తిరగగానే ‘ఎస్‌ఎంపీఎస్ ఓకే’ అనేస్తారు. ఆ పరీక్షతో తెలిసేది అది ఆన్ అవుతోందని మాత్రమే. భారం మోయగలదో లేదో తెలియదు. అది తెలియాలంటే కంప్యూటర్ నడుస్తుండగా కొలవాలి. మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీ మీద పెట్టి, ఖాళీగా ఉన్న నాలుగు పిన్నుల కనెక్టర్‌లో నల్ల మొనను నల్ల వైరు రంధ్రంలో, ఎర్ర మొనను పసుపు వైరు రంధ్రంలో ఉంచండి. రెండు మొనలూ ఒకదానికొకటి తగలకూడదు. 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య ఉండాలి. ఎర్ర వైరు దగ్గర 4.75 నుంచి 5.25. ఇప్పుడు బరువైన ప్రోగ్రామ్ తెరిచి చూడండి. పసుపు వైరు లెక్క 11.4 కిందికి జారితే అనుమానం బలపడినట్టే. మీటర్ అంకె కదలకపోయినా పూర్తిగా నిర్దోషి అనలేం. మీటర్‌కు అందనంత వేగంగా వచ్చిపోయే కుదుపులూ ఉంటాయి. చివరి తీర్పు ఒకటే: బాగున్న మరో ఎస్‌ఎంపీఎస్‌ను అన్ని వైర్లతో సహా తగిలించి ఒకటి రెండు రోజులు నడిపి చూడడం.

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందని కొత్తది కొనకండి. పాత భవనాల్లో చాలాచోట్ల మూడో పిన్నుకు ఎర్తింగ్ ఉండదు. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి కొద్దిపాటి కరెంటు పోయే దారి లేక డబ్బా మీదికి వస్తుంది. పిలవాల్సింది ఎలక్ట్రీషియన్‌ను.

ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం సొంతంగా విప్పొద్దు. ప్లగ్గు పీకినా కెపాసిటర్‌లో ప్రమాదకరమైన వోల్టేజి మిగిలి ఉండొచ్చు. కోఠి గుజరాతీ గల్లీలో విడిభాగాలు దొరుకుతాయి కాబట్టి తెలిసిన మెకానిక్ కెపాసిటర్లు మార్చగలడు. కానీ క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన చవక డబ్బాకు ఆ శ్రమ దండగ.

కొత్తది కొంటే పెద్ద అక్షరాల ‘450 వాట్స్’ను నమ్మకండి. లేబుల్ మీద 12 వోల్టుల గడిలో ఎన్ని యాంపులో చూసి, 12తో గుణించండి. 16 యాంపులే ఉంటే ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డులకు దక్కేది 192 వాట్లే. కొట్టువాడితో బేరమాడే ముందు ఆ గుణకారం చేసుకోవాలి.